రెండు సీసాలు, ఒక డాక్టరమ్మ

1999 ఆగస్టు 22, ఆదివారం, మాదాపూర్.

మేము అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు, కింది వాటాలో ఒంటరిగా ఉండే డాక్టరమ్మ, ఈ నెల పదో తేదీ మంగళవారం ఉదయం సిద్దిపేటలో చెల్లెలి ఇంట్లో గుండె ఆగి పోయారు. కబురు మా ఫోనుకే వచ్చింది. అక్క ఇంట్లో ఫోను ఎత్తేవాళ్ళు లేరని ఆ చెల్లెలికి తెలుసు. "అక్క పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తాగింది, కప్పు కడిగి బోర్లించింది, వచ్చి కూసున్నది. గంతే" అని చెప్పి ఆమె పెట్టేసింది. నేను గడియారం చూశాను. ఎనిమిదీ ఇరవై. ఏ కబురు వచ్చినా టైము చూసి పుస్తకంలో రాసుకోవడం నాకు పాత అలవాటు. ఆరోజు రాశాక ఆ గీత కింద ఇంకేమీ రాయలేకపోయాను.

మొన్న శుక్రవారంతో పదకొండు రోజులూ అయ్యాయి. కాలనీ మహిళామండలి వారు తమ పత్రికకు ఆవిడ గురించి రెండు పేజీలు రాసిమ్మన్నారు. ఆవిడ మంచితనం గురించి నాకంటే చక్కగా రాయగలవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు. నేను రాయవలసిన విషయం వేరే ఒకటుంది. అది పదిహేడు నెలలుగా ఆవిడకు, నాకు మాత్రమే తెలుసు. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు. ఒక్కరికే తెలిసిన సంగతి ఎంతకాలం బతుకుతుందో చెప్పలేం కనుక ఇవాళే కూర్చున్నాను.

నేను తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి కంపెనీ ఇక్కడికి మారబోతోందని 1997లో ఈ ఇంట్లో దిగాం. అప్పటికి చుట్టూ రాళ్ళగుట్టలే. ఇంటి యజమానురాలు డాక్టరని తెలిసి సంతోషించాను. పదిహేను రోజుల్లో ఆ సంతోషం పోయింది. మనవరాలికి జ్వరం వస్తే తీసుకువెళ్ళాను. ఆవిడ పిల్ల నుదుటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"నేను జ్వరాలు చూసే డాక్టర్ని గాదమ్మా. ముక్కలు చూసే డాక్టర్ని. బస్తీల మంచి పిల్లల డాక్టర్ ఉన్నడు, ఆటో మాట్లాడుకొని పో" అన్నారు.

ముక్కలేమిటో నాకు బోధపడలేదు. మందు రాయని డాక్టరేమిటని మా అబ్బాయితో విసుక్కున్నాను. తర్వాత తెలిసింది. శరీరంలోంచి కోసి తీసిన భాగాన్ని పలచగా తరిగి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, అది మంచిదో చెడ్డదో మైక్రోస్కోపులో చూసి చెప్పే పని ఆవిడది. ప్రభుత్వ కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేశారు, అదే పాఠం చెప్పారు. రిటైరయ్యాక కూడా ఆవిడ భోజనాల బల్లకు ఉత్తరపు కిటికీ వైపు కొస మీద ఒక పాత మైక్రోస్కోపు ఉండేది. పాత శిష్యులు తేల్చుకోలేని స్లైడ్లు అట్టపెట్టెల్లో పంపేవారు. ఆవిడ అన్నం బల్లకు ఈ కొసన తినేవారు, ఆ కొసన పనిచేసేవారు. మధ్యలో ఉప్పుగిన్నె సరిహద్దు. దాన్ని ఎన్నడూ దాటలేదు.

సన్నగా, ఎత్తుగా ఉండేవారు. తెల్లటి నేత చీర, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవారు. ఎవరినైనా రెండో రోజు నుంచి "నువ్వు" అనేసేవారు. మాకు కృష్ణా ఒడ్డున ఆ అలవాటు లేదు. మొదట మనసుకు గుచ్చుకుంది. ఆవిడ కలెక్టరునైనా, కూరగాయలమ్మే మనిషినైనా ఒకే "నువ్వు" అంటారని చూశాక సర్దుకున్నాను. నేను చివరిదాకా "అండి" అనే అన్నాను. "ఆ అండీలన్నీ ఒక సంచిల ఎత్తితే కిలో అయితయి టీచరమ్మా" అని నవ్వేవారు.

ఇక అసలు సంగతి.

1998 మార్చిలో మా కోడలికి గర్భసంచి గోడ నుంచి గడ్డ తీశారు. ఆమెకు అప్పుడు ముప్పై మూడేళ్ళు. గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రమే తీశారు. కొబ్బరికాయంత ఉంది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి నర్సు దాన్ని ఒక స్టీలు గిన్నెలో తెచ్చి చూపించి, పరీక్షకు మీరే ల్యాబుకు తీసుకువెళ్ళాలి అంది. చిన్న నర్సింగ్ హోముల్లో ఇదే పద్ధతి. తీసింది డాక్టరు, మోసేది ఇంటివాళ్ళు.

ఇక్కడ నేను నా తెలివి చూపించాను. ఒక లెక్క సరైనదో కాదో తెలియాలంటే ఇద్దరి చేత చేయించి జవాబులు పోల్చాలని ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు చెప్పినదాన్ని. గడ్డను రెండు సగాలు చేసి ఇమ్మన్నాను. ఒకటి ఈ ల్యాబుకు, ఒకటి ఆ ల్యాబుకు. పెద్దావిడ అడుగుతోందని వాళ్ళు కోసి ఇచ్చేశారు. మందు నీళ్ళు, అంటే ముక్క కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్, వాళ్ళ దగ్గర ఒక సీసాకు సరిపడానే ఉంది. మొదటి సగం అందులో నిండా మునిగింది. దాన్ని మా అబ్బాయి అమీర్‌పేటలో ల్యాబుకు గంటలో ఇచ్చి వచ్చాడు. రెండో సగాన్ని నేను ఇంటి నుంచి తెచ్చిన ఊరగాయ సీసాలో వేసి, మిగిలిన మందు నీళ్ళు పోయించాను. ముక్క కిందిభాగమే తడిసింది, పైభాగం గాలికే ఉంది.

ఆటోలో రెండో ల్యాబుకు వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. శనివారం ఒంటి పూట, ఆదివారం సెలవు. తిరిగి నర్సింగ్ హోముకు తీసుకువెళ్ళి ఇంకొంచెం మందు పోయించుకోవచ్చు. కానీ పెద్ద డాక్టరు ఎదురైతే, నామీద నమ్మకం లేక రెండో ల్యాబు వెతుకుతున్నారా అంటారని అభిమానం అడ్డొచ్చింది. ఇంటికి తెచ్చి స్నానాలగది గూట్లో పెట్టాను. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ల్యాబులో ఇచ్చాను. శనివారం పన్నెండు నుంచి సోమవారం తొమ్మిది దాకా నలభై అయిదు గంటలు. మార్చి నెల, హైదరాబాదు ఎండ.

వారం తర్వాత జవాబులు వచ్చాయి. మొదటి ల్యాబు: మామూలు గడ్డ, కాన్సరు కాదు. రెండో ల్యాబు: గడ్డ లోపల చచ్చిపోయిన భాగాలున్నాయి, కణాల రూపు సరిగా లేదు, కాన్సరే అని గట్టి అనుమానం. కోసిన డాక్టరు రెండు కాగితాలూ చూసి, "అనుమానం ఉన్నప్పుడు గర్భసంచి తీసేయడం మంచిదమ్మా, ఎంత తొందరగా అయితే అంత" అన్నారు. నేను పంచాంగం చూసి పై గురువారం ఖాయం చేశాను. అబ్బాయికి చెప్పాను. కోడలికి మాత్రం, కుట్ల దగ్గర ఏదో చిన్నది మిగిలింది, మళ్ళీ ఒక్కరోజు వెళ్ళాలి అన్నాను. భయపడుతుందని. అప్పుడు అలాగే అనుకున్నాను.

గురువారం మనవరాలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు కదా, పిల్లను కాసేపు చూస్తారా అని అడగడానికి కిందికి వెళ్ళాను. డాక్టరమ్మ బియ్యం ఏరుతున్నారు. ఎందుకని అడిగారు. చెప్పాను. చేట పక్కన పెట్టేశారు.

"రెండు ల్యాబులకా? రెండు దిక్కులా ఒకటే గడ్డ ఎట్ల పంపినవు?"

"సగం సగం చేయించానండి."

ఆవిడ నన్ను చూసిన చూపు మా హెడ్మాస్టారు కూడా ఎప్పుడూ చూడలేదు.

"గిదేమన్న రైక ముక్కనా టీచరమ్మా, అక్కకు సగం చెల్లెకు సగం అని చింపెటందుకు? గడ్డల ఒక మూల మంచిగుంటది, ఇంకో మూల చెడ్డగుంటది. చూసెటోనికి మొత్తం కావాలె."

"లెక్క ఇద్దరి చేత చేయిస్తే తప్పు దొరుకుతుందనీ..."

"ఇద్దరికీ ఒకటే లెక్క ఇస్తే దొరుకుతది. నువ్వు చెరొక లెక్క ఇచ్చినవు. ఇద్దరూ సక్కగనే చేసి ఉంటరు." ఒక క్షణం ఆగి, "గురువారం లేదు, ఏం లేదు. మిగిలిన ముక్కలు, స్లైడ్లు, అన్నీ తెప్పియ్. పది రోజులల్ల కొంప మునగదు" అన్నారు.

అబ్బాయి రెండు ల్యాబులకూ తిరిగి అన్నీ తెచ్చాడు. డాక్టరమ్మ స్టీలు పళ్ళెంలో పాత పేపరు పరిచి రెండు చెక్కలనూ పక్కపక్కన పెట్టారు. కలపబోతే కలవలేదు. నా సీసాలో ఉన్న సగం ఆ సీసా ఆకారానికే బిగిసిపోయింది. మొదటి సగం కోసిన వైపు తెల్లగా, గట్టిగా, దారపుండ చుట్టినట్టు ఉంది. "మంచి గడ్డ గిట్లనే ఉంటది, కోస్తే ఉబ్బి పైకొస్తది. చెడ్డది చేప మాంసం లెక్క మెత్తగ, పచ్చగ ఉంటది" అన్నారు. నా సగం మధ్యలో మెత్తగానూ ఉంది, పచ్చగానూ ఉంది. వాసన కూడా ఉంది.

చెయ్యిని లేవమంటే లేస్తుంది, కానీ కడుపును కదలమంటే కదలదు కదా, అలా మన మాట వినకుండా తన పని తాను చేసుకునే కండరం పొట్టలోపల చాలా చోట్ల ఉంటుందట. కడుపు గోడలో, పేగుల్లో, గర్భసంచిలో. వాటిలోంచి పుట్టే గడ్డల్లో మంచివే ఎక్కువ. కానీ మంచిదీ చెడ్డదీ పైకి ఒక్కలాగే పెరుగుతాయి. తేడా చెప్పడానికి మూడు చూడాలని ఆవిడ నాకు వేళ్ళు మడిచి చెప్పారు. కణాల రూపు చెదిరిందా. ఎన్ని కణాలు రెండుగా చీలుతూ ఉన్నాయి. గడ్డ లోపల తనంతట తాను చచ్చిన భాగం ఉందా. "ఒక్కదాంతోని తీర్పు చెప్పొద్దు. మూడూ కలిపి చూడాలె."

రెండు సగాల నుంచీ మళ్ళీ ముక్కలు ఎంచి, అంకెలు వేసి, కాలేజీలో ఉన్న శిష్యురాలికి పంపారు. ఇరవై మూడు స్లైడ్లు వచ్చాయి. ఆ లెక్కపెట్టడంలో నాకు పక్కన చోటు దొరికింది. ఆవిడ కన్ను అద్దం మీద నుంచి తియ్యరు, నేను కాగితం మీద గీతలు గియ్యాలి. మైక్రోస్కోపులో కనిపించే గుండ్రటి వెలుగును ఆవిడ "చూపు" అనేవారు. పది చూపులకు ఎన్ని చీలే కణాలు ఉన్నాయన్నది లెక్క.

"ఒకటి. రాయి. లేదు. లేదు. ఒకటి... ఉహూ, కొట్టెయ్. అది చీలెడిది గాదు, చచ్చెడిది."

"తేడా ఏమిటండీ?"

"ఇటు రా." నన్ను కూర్చోబెట్టి చూపించారు. గులాబీరంగు దారాల మధ్య రెండు నల్లటి చుక్కలు. "రెండూ నల్లగనే ఉంటయి. చీలెదానికి అంచున సన్నగ వెంట్రుకలు లేసినట్టు ఉంటది. చచ్చెడిది నున్నగ ముడుచుకుంటది. అనుమానమున్నది ఏదీ లెక్కల రాయకు."

ఆ రోజుల్లో కొత్త భవనాల కోసం చుట్టూ బండలు పేల్చేవారు. ముందు ఈల వేసేవారు. ఈల వినగానే ఆవిడ కన్ను తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ పేలుడు అయి, బల్ల మీద గ్లాసు వణకడం ఆగేదాకా కూర్చునేవారు. ఒకసారి స్లైడు కదిలింది. అప్పటికి ఎనిమిది చూపులు అయ్యాయి. ఇంకా రెండేగా అన్నాను. "అద్దం కింద ఏడున్ననో తెల్వనప్పుడు ఎనిమిది ఎట్లయితది?" అని మొదటి నుంచి పెట్టారు. నేను లెక్కల టీచరును. కొత్త కాగితం తీసుకున్నాను.

నాలుగుసార్లు చూశారు. ఆరు, ఏడు, ఆరు, ఆరు. మంచి గడ్డకు కాస్త ఎక్కువ, చెడ్డదని తేల్చడానికి తక్కువ. కణాల రూపు కాస్త చెదిరింది, బాగా కాదు. ఇక మిగిలింది మూడోది, చచ్చిన భాగం. అది నా సీసాలోని సగంలోనే ఉంది.

"టీచరమ్మా, ఆ ముక్క ల్యాబుల ఎప్పుడు ఇచ్చినవు?" అని మొదటిరోజే అడిగారు.

"ఒక్క రాత్రే ఇంట్లో ఉందండి. ఆదివారం పొద్దున్నే ఇచ్చేశాను" అన్నాను.

నా పుస్తకంలో సోమవారం, తొమ్మిది గంటలు అని నా చేతిరాతతోనే ఉంది. పుస్తకంలో నిజం రాసుకుని నోటితో అబద్ధం చెప్పాను. జీవితంలో ఒక్క బస్సు టికెట్టు విషయంలో కూడా అబద్ధమాడలేదని పదిమందిలో చెప్పుకునేదాన్ని. ఆవిడ దగ్గర తెలివితక్కువదానిగా కనబడకూడదని ఇరవైనాలుగు గంటలు మింగేశాను.

నాలుగో రోజు ఆవిడ కన్ను తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూడు. ఒక్క రాత్రిల గింత చావదు. నువ్వు చెప్పినట్టయితే ఇది కడుపులనే చచ్చింది. కడుపుల చచ్చినదంటే చెడ్డ గడ్డ దిక్కే మొగ్గు. సంచి తీసెయ్యమనే రాయాలె." కలం తీశారు. మూత తీశారు. రాయలేదు. నా ముఖం చూస్తూ కూర్చున్నారు.

పైన మా ఇంట్లో కోడలు నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మెల్లిగా నడిచే నడక.

"డాక్టరుగారూ, సోమవారం ఇచ్చానండి. నలభై అయిదు గంటలు. మందు నీళ్ళు కూడా సగానికే ఉన్నాయి."

ఆవిడ కలానికి మూత పెట్టారు. "ఆదివారం ఏ ల్యాబ్ తెరిచి ఉంటది? నాకు తెల్వదనుకున్నవా? నాలుగు దినాలు నీ కోసమే ఆగిన."

"తెలిసి ఎందుకు అడగలేదండీ?"

"నా అనుమానం రిపోర్టుల రాయరాదు. నువ్వు చెప్తేనే రాస్త. గంటలు తగ్గిచ్చి నిన్ను నువ్వు కాపాడుకున్నవు టీచరమ్మా, కోడల్ని గాదు." గొంతు పెంచలేదు. అదే ఎక్కువ తగిలింది.

ఆ తర్వాత రెండు రోజులు చచ్చిన భాగాలను మాత్రమే మళ్ళీ చూశారు. గడ్డ తనంతట తాను చస్తే చచ్చిన దానికీ బతికిన దానికీ మధ్య గీత గీసినట్టు తెలుస్తుందట. సీసాలో కుళ్ళితే అంతా ఒక్కతీరుగా వెలిసిపోతుందట. చాలా వరకు వెలిసిపోయినట్టే ఉంది. కానీ ఒక స్లైడులో, ఒక మూల, గీతలాంటిది ఉంది. అది గీతో కాదో చెప్పలేకపోయారు. "ఇది కడుపుల చచ్చెనా, నీ సీసల చచ్చెనా, నాకు తెల్వది. ఇగ ఎవ్వలకూ తెల్వది." తాజాగా ఉన్న ముక్క అయితే చెప్పగలిగేవారు. నేను అడిగాను. అవునన్నారు.

రిపోర్టులో, ముక్కను మందులో వేయడం ఆలస్యమైంది, నలభై అయిదు గంటలు, అందువల్ల ఫలానాది తేల్చడం సాధ్యం కాదు, ఈ గడ్డ మున్ముందు ఎలా నడుచుకుంటుందో చెప్పలేం అని రాశారు. ఎవరు ఆలస్యం చేశారన్నది లేదు. నేను ఆ వాక్యం దగ్గర ఆగాను.

"చెప్పుడు నీ పని. నేను గడ్డ గురించి రాస్త. అత్త గురించి రాయ" అన్నారు.

మర్నాడు కోడల్ని కిందికి పిలిచి, ఉప్పుగిన్నెకు ఇటువైపు కూర్చోబెట్టుకుని ఆవిడే చెప్పారు.

"బిడ్డా, మా పనిల మూడు అరలుంటయి. మంచిది, చెడ్డది, తెల్వనిది. నీది మూడో అర. తెల్వనిదంటే చెడ్డదని అనుకోకు. మంచిదని మర్చిపోకు. సంచి తీపిచ్చుకుంటే ఫికర్ తగ్గుతది. ఉంచుకుంటే ఆరు నెలలకోసారి స్కాన్ చేపిచ్చుకోవాలె, ఏండ్లకేండ్లు. ఏదైనా నువ్వే చెప్పాలె."

కోడలు నావైపు తిరిగింది. "అయితే గురువారం చిన్న ఆపరేషను అన్నది ఇదా అత్తయ్యా? నా కడుపుకు తేదీ పెట్టేముందు నన్నొక్కమాట అడగలేకపోయారా?"

డాక్టరమ్మ నాకు సాయం రాలేదు. సాసర్లో చాయ్ పోసుకున్నారు.

"నాకు ఇంకో బిడ్డ కావాలో వద్దో నాకే తెలీదు డాక్టరుగారూ" అంది కోడలు. "కానీ తెలియనిదానికి తీయించుకోను. ఆరు నెలలకొకసారి వస్తాను."

"ఒక్కపారి తప్పినా ఇంటికొచ్చి గుంజుకపోత" అన్నారు డాక్టరమ్మ.

సెప్టెంబరు స్కానులో ఏమీ లేదు. అక్టోబరులో దసరా వచ్చింది. ఇక్కడ పండగనాడు జమ్మి ఆకు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. సాయంత్రం నేను కింద ఉండగా ఒకావిడ వచ్చింది, యాభై దాటిన మనిషి, పటాన్‌చెరు వైపు నుంచి. జమ్మి ఆకు డాక్టరమ్మ చేతిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టింది. "నీ దయతోనే బతికిన అమ్మా" అంది. డాక్టరమ్మ ఆకు తీసుకున్నారు. ఆమె కళ్ళలోకి చూడలేదు. చీర పెట్టి పంపించారు.

ఆమె వెళ్ళాక చెప్పారు. డాక్టరమ్మ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఆమె గడ్డ పరీక్షకు వచ్చింది. చచ్చే కణాలను చీలే కణాలుగా లెక్కపెట్టి చెడ్డ గడ్డ అని రాశారు. ఇరవై ఏళ్ళ పిల్లకు గర్భసంచి తీసేశారు. పదేళ్ళ తర్వాత, పాఠం చెప్పడానికి ఆ స్లైడు తీసి చూస్తే అది మామూలు గడ్డ.

"నా తప్పుతోని సచ్చిపోలే. బతికింది. పిల్లల్లేక బతికింది. నన్ను ఒక్కనాడు తిట్టలే, ఆమెకు తెల్వది గద. ఏటా ఆకు తెస్తది." ఆ ఆకును మెల్లిగా చీర కొంగు అంచున ముడివేసుకుంటూ, "నువ్వు కోడలికి చెప్పితివా?" అన్నారు.

"లేదండి."

"చెప్పాలె."

"మీరు చెప్పలేదుగా" అన్నాను. నా నోటి దురుసు నాకు తెలుసు. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడకు కోపం రాలేదు. "అందుకే చెప్తున్న. ఏటేటా బరువైతది ఇది. నేను చేసినట్టు నువ్వు చేయకు."

అయినా నేను చెప్పలేదు. మార్చి స్కాను కూడా బాగుంది. బాగున్నప్పుడు చెప్పడమెందుకు, బాగులేకపోతే ఎలా చెప్పడం. ఇలా రెండు వైపులా తలుపులు వేసుకుని నడిమిట్లో హాయిగా కూర్చున్నాను. డాక్టరమ్మ మళ్ళీ అడగలేదు. నెల కిందట చెల్లెలి దగ్గరకు బయలుదేరుతూ, ఆటో దగ్గర తాళం చెవి నా చేతికిచ్చి, "సెప్టెంబర్ల స్కాన్ ఉన్నది, యాదికున్నదా?" అన్నారు.

"పుస్తకంలో రాశానండి."

"పుస్తకం సంగతి నాకెర్కే. నోటి సంగతి అడుగుతున్న."

ఆటో వెళ్ళిపోయింది. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే.

అమ్మా, నీ గడ్డ ఏదో తేలకపోవడానికి సగం కారణం ఆ గడ్డ, సగం కారణం నేను. ఈ వాక్యం నేను ముందు కోడలికి చెప్పాలి, తర్వాతే ఎవరికైనా. కాగితం మీద పెట్టకపోతే చెప్పలేనని తెలిసి ఇక్కడ రాశాను. ఆవిడ నాకు నేర్పింది మైక్రోస్కోపు విద్య కాదు. తెలిసినదాన్ని తెలిసినంతే, తెలియనిదాన్ని తెలియదనే చెప్పడం. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు జవాబు ఉన్న లెక్కలే చెప్పాను. జవాబు లేనిదాన్ని పక్కన పెట్టుకుని, ఆరేసి నెలల చొప్పున, అన్నం వండుకుని, జడ వేసుకుని బతకడం మా కోడలు చేస్తోంది. ఆ ధైర్యం ఆమెది. ఆ జవాబు లేకుండా చేసిన సీసా నాది.

ఇక జరగవలసినవి:

1. డాక్టరమ్మ అల్మరాలో కోడలి పేరు రాసిన అట్టపెట్టె ఉంది. స్లైడ్లు ఇరవై మూడు, ఆ ముక్కలను పొదిగిన మైనం దిమ్మలు ఇరవై మూడు. ఆవిడ మేనల్లుడు ఇల్లు సర్దడానికి వచ్చేలోపు అతనికి చెప్పి తీసుకోవాలి. మైనం కనుక ఎండ తగలనివ్వకూడదు.

2. పెట్టెను కాలేజీలో ఉన్న ఆవిడ శిష్యురాలికి అప్పగించాలి. సీసా ఎవరిది, ఎన్ని గంటలు, మందు నీళ్ళు ఎంతవరకు అన్నది నేను రాసి సంతకం చేసి పెట్టెలోనే ఉంచాలి.

3. సెప్టెంబరులో మూడో స్కాను. కోడలు, అబ్బాయి వెళతారు. కోడలు రమ్మంటేనే నేను.

4. ఇది చదివేవాళ్ళ ఇంట్లో ఎవరికైనా గడ్డ తీస్తే, దాన్ని ముక్కలు చేయించవద్దు. వెడల్పు మూతి సీసా, మునిగి ఇంకా చాలా మిగిలేటన్ని మందు నీళ్ళు, అదే రోజు, ఒకే ల్యాబు. రెండో మాట కావాలంటే అవే స్లైడ్లు అడిగి తీసుకుని ఇంకొకరికి చూపించండి.

5. ఈ కాగితాలు పత్రికకు ఇచ్చేముందు కోడలికి పూర్తిగా చదివి వినిపించాలి. ఆమె వద్దంటే ఇవ్వకూడదు. ఇవ్వమంటే ఒక్క మాట మార్చకుండా ఇవ్వాలి.

6. అయిదోది అన్నిటికన్నా ముందు జరగాలి, ఇవాళే. మబ్బు పట్టింది. కోడలు మేడమీద ఆరిన బట్టలు తీస్తోంది. పని అయి కిందికి వచ్చేదాకా ఆగకూడదు. పైకి వెళ్ళి, ఆమె చేతిలో ఉన్న దుప్పటికి రెండో కొస పట్టుకుని, మడతలు వేస్తూ నోటితోనే మొదలుపెట్టాలి.